ఆయన శుక్రవారం ఉత్తరాలు

కోనసీమ నుంచి ఒక టీచరుగారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. కాగితం మీదే. "మెయిల్ పంపే దారి లేకే కదా మీకు రాస్తున్నది" అని మొదటి లైన్లోనే చురక పెట్టారు. పేరు, ఊరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆవిడకి 63 ఏళ్లు, పోయిన ఏడాదే రిటైరయ్యారు. భర్త 2009లో మస్కట్ వెళ్లి ఏడేళ్లు ఎలక్ట్రికల్ పనిలో ఉన్నారు. వెళ్లే ముందు వారం అమలాపురంలో ఒక నెట్ సెంటర్‌కి తీసుకెళ్లి భార్య పేరు మీద జీమెయిల్ తెరిపించారు. అక్కడ శుక్రవారం సెలవు. ప్రతి శుక్రవారం ఆయన తన యాహూ మెయిల్ నుంచి ఒక ఉత్తరం రాసేవారు, తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి. ఈవిడ శనివారం బడి వదిలాక నెట్ సెంటర్‌కి వెళ్లి చదువుకుని, జవాబు కొట్టి వచ్చేవారు. తర్వాత ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది, ఆ తర్వాత చేతిలోకి ఫోన్ వచ్చింది. ఫోన్లో మెయిల్ ఎప్పుడూ తెరిచే ఉండేది. పాస్‌వర్డ్‌తో పని పడలేదు. ఆయన 2021 మే నెలలో కరోనాతో పోయారు.

ఐదు నెలల క్రితం ఫోన్ పాడైతే షాపులో ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చి కొత్తది తీసుకున్నారు. పాత జీమెయిల్ పాస్‌వర్డ్ చెప్పమంటే గుర్తు లేదన్నారు. "పర్లేదు మేడమ్, కొత్తది తెరిచేస్తా" అని షాపు కుర్రాడు రెండు నిమిషాల్లో తెరిచి చేతిలో పెట్టాడు. ఏడేళ్ల ఉత్తరాలూ, ఫోటోలూ పాత దాంట్లోనే ఉండిపోయాయని ఇంటికొచ్చాక తెలిసింది.

గూగుల్ కోడ్ పంపిస్తానంటున్న నంబరు భర్తది. ఆ ఫోన్ మోగుతుంటే తట్టుకోలేక 2023లో రీఛార్జి ఆపేశారు. ధైర్యం చేసి మొన్న ఆ నంబరుకి చేస్తే ఎవరో కుర్రాడు ఎత్తి "హలో, ఎవరండీ?" అన్నాడట. "పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను" అని రాశారు. రెండో దారిగా తెర మీద ఒక మెయిల్ కనిపిస్తోంది: ముందు రెండు అక్షరాలు, మిగతావన్నీ చుక్కలు. అది డాలస్‌లో ఉన్న కొడుకు కాలేజీ రోజుల్లో పెట్టుకున్నదని ఆవిడ అనుమానం. కొడుక్కి మాత్రం చెప్పలేదు. ఈలోగా హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడు ఒక ఇరవైసార్లు ప్రయత్నించి చేతులెత్తేశాడు. నెట్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకి చేస్తే ఒకడు ఏదో యాప్ ఎక్కించుకోమన్నాడు. ఎక్కించుకున్నారు. ఏ బ్యాంకులో ఖాతా ఉందని అడిగేసరికి అనుమానమొచ్చి పెట్టేశారు. ఇప్పుడు పక్క ఊళ్లో ఒకాయన ఐదు వేలిస్తే తెరిపిస్తానంటున్నాడు.

"ఇవ్వమంటారా? రెండేళ్లు వాడకపోతే గూగుల్ వాళ్లు అన్నీ చెరిపేస్తారట, నిజమేనా? అబ్బాయికి తెలియకుండా ఇది తేలే దారేదైనా ఉందా?" అని అడిగారు.

టీచరుగారూ,

మీ ప్రశ్నలన్నిటికంటే ముందు ఒక పని. ఆ యాప్ ఇంకా ఫోన్లో ఉంటే ఇప్పుడే తీసేయండి. అలా ఎక్కించమనే యాప్‌లు చాలావరకు మన ఫోన్ తెరని అవతలివాడికి చూపించేవే. మీరు బ్యాంకు పేరు దగ్గర ఆగిపోయారు, బతికిపోయారు. అయినా పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించుకుని ఆ రోజు నుంచి ఒకసారి చూసుకోండి, యూపీఐ పిన్ మార్చేయండి. మీకు తెలియకుండా డబ్బు పోయినట్టు కనిపిస్తే బ్యాంకుకి వెళ్దాం, రేపు చూద్దాం అనుకోకుండా అప్పటికప్పుడు 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. మామూలు ఉచిత జీమెయిల్ పాస్‌వర్డ్‌ని ఫోన్ మీద మార్చిపెట్టే మనుషులు గూగుల్‌లో లేరు. కాబట్టి ఆ పేరుతో నెట్‌లో ఏ నంబరు కనిపించినా అది వల అనే అనుకోండి.

ఇక రెండేళ్ల సంగతి. నిజమే. రెండేళ్లపాటు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలని తీసేయవచ్చని గూగుల్ 2023 మేలో చెప్పింది, ఆ డిసెంబరు నుంచి మొదలుపెట్టింది. కానీ లెక్క మీరు చివరిసారి వాడిన రోజు నుంచి మొదలవుతుంది. పాత ఫోన్లో మీ మెయిల్ ఐదు నెలల క్రితం దాకా తెరిచే ఉంది కదా. అంటే చేతిలో ఇంకా పంతొమ్మిది నెలలున్నాయి. తీరిగ్గా కూర్చోమనడం లేదు కానీ, ఎవరో ఐదు వేలు అడగ్గానే ఇచ్చేసేంత తొందర లేదు. ఇంకోటి, బయట నిలబడి తప్పు పాస్‌వర్డ్‌లు కొడుతూ ఉండటం వాడకం కింద రాదు. లోపలికి వెళ్లినప్పుడే గడియారం మళ్లీ మొదటికొస్తుంది.

మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి. ఉత్తరానికి రెండు కొసలుంటాయి, ఆయన పంపిన కాపీలు ఆయన యాహూలోనైనా ఉంటాయి కదా అని మీకు ఏదో ఒక రాత్రి తట్టే ఉంటుంది. యాహూ వాళ్లు పన్నెండు నెలలు ఎవరూ తెరవని మెయిల్‌బాక్స్‌ని ఖాళీ చేసేస్తారు. ఆయన పోయి అంతకు మించే అయింది. ఆ కొస తెగిపోయినట్టే అనుకోండి. మీ దాంట్లో ఉన్నదే మిగిలిన కాపీ. అందుకే దీన్ని పరాయి చేతిలో పెట్టొద్దంటున్నాను.

ఆ ఐదు వేలాయన దగ్గర మనకి లేని తాళం ఏదీ లేదు. ఆయన తెరిచేదీ మీ మేనల్లుడు తెరిచిన ఆ పేజీయే. కాకపోతే ముందు మీ ఆధార్ ఫోటో తీసుకుంటాడు, మీ ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు, వచ్చిన ఓటీపీలన్నీ చదువుతాడు. పని కాకపోతే మీ ఐదు వేలు పోతాయి. పనైతే ఇంకా ఇబ్బంది, ఎందుకంటే కొత్త పాస్‌వర్డ్ పెట్టేది ఆయనే.

మేనల్లుడు ఇరవైసార్లు ప్రయత్నించినా ఎందుకు కాలేదో చూద్దాం. మీ క్లాసులో ఒకడి బదులు ఇంకొకడు "ప్రెజెంట్ మేడమ్" అంటే మీరు రిజిస్టర్ మీంచి తలెత్తకుండానే పట్టుకునేవారు కదా. ఆ మాట తప్పని కాదు, గొంతు వేరు, అది వచ్చిన బెంచీ వేరు. గూగుల్ చేసేదీ అదే. పాస్‌వర్డ్ పోయినప్పుడు మన జ్ఞాపకశక్తికి పరీక్ష పెడుతోందనుకుంటాం. అది చూసేది వేరే: ఈ అడుగుతున్నది ఎప్పుడూ వచ్చే మెషీన్ నుంచేనా, ఎప్పుడూ ఉండే చోటు నుంచేనా అని. పదహారేళ్లుగా కోనసీమ దాటని ఖాతాని హైదరాబాద్‌లో ఎవరో కొత్త ల్యాప్‌టాప్ మీద, గంటలో ఇరవైసార్లు, అన్నీ తప్పులే కొడుతూ అడిగితే అది ప్రాక్సీ అటెండెన్స్‌లాగే కనిపిస్తుంది. "ఈ ఖాతా మీదేనని నిర్ధారించలేకపోయాం" అని వచ్చింది కాబట్టి అయిపోయిందనుకున్నారు. ఖాతా పోలేదు. ఆ మెషీన్‌నీ ఆ చోటునీ అది నమ్మలేదు, అంతే. మేనల్లుణ్ని ఇక ఆపమనండి. మీరు కూడా ఒక వారం దాని జోలికి పోకండి, ఆ గందరగోళం చల్లారనివ్వండి.

మూడో పేజీలో మీరు యథాలాపంగా ఒక లైను రాశారు: "కంప్యూటర్ మేడ మీద గదిలో దుప్పటి కప్పుకుని పడుంది, దానికీ నాకూ పనిలేదు." నేను చదవడం అక్కడ ఆపేశాను. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన వ్యవహారం! ఆ కంప్యూటర్‌లో మీరు ఏళ్ల తరబడి ఈ మెయిల్ తెరిచారు. గూగుల్ దృష్టిలో అది మీ బెంచీ.

ముందు దాన్ని ఎవరికీ సర్వీసింగ్‌కి ఇవ్వకండి. మన దగ్గర రిపేరు కుర్రాళ్లకి తెలిసిన మొదటి మందు ఫార్మాట్ కొట్టడం. కొట్టారా, మనకి కావాల్సింది కూడా దాంతోనే పోతుంది. దుమ్ము దులిపి ఆన్ చేయండి. పాత విండోస్ కాబట్టి అప్‌డేట్ చేయమని ఏవేవో పెట్టెలు వస్తాయి, మూసేయండి. నెట్ లేకపోతే మీ ఫోన్‌ని ఛార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కి కలిపి, ఫోన్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది. ఇంటి వైఫై ఉంటే ఫోన్‌ని దానికి కలిపే ఉంచండి.

ఇప్పుడు క్రోమ్ తెరవండి. అదృష్టం బాగుంటే మెయిల్ నేరుగా తెరుచుకుంటుంది. అలా తెరుచుకుంటే మాత్రం సంతోషంలో ఏదీ నొక్కేయకండి, ముఖ్యంగా సైన్ అవుట్ నొక్కకండి. ముందు ఆయన ఉత్తరాల్లో మీకు బాగా కావాల్సినవి వెతికి, ఒక్కొక్కటి మీ కొత్త మెయిల్‌కి ఫార్వర్డ్ చేసుకోండి. దానికి పాస్‌వర్డ్ అడగదు. పది ఉత్తరాలు ఇవతలికి వచ్చాయంటే మీ గుండె కుదుటపడుతుంది, తర్వాతి పని కంగారు లేకుండా చేస్తారు.

తెరుచుకోకపోతే క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్స్ అన్న చోటు చూడండి. మీరో అబ్బాయో ఎప్పుడో "సేవ్" నొక్కి ఉంటే అక్కడ మీ మెయిల్ పేరు, పక్కన నల్ల చుక్కలు, ఒక కన్ను బొమ్మ ఉంటాయి. కన్ను నొక్కితే పాస్‌వర్డ్ కనిపిస్తుంది. కంప్యూటర్‌కి తాళం పెట్టి ఉంటే ముందు ఆ తాళం అడుగుతుంది. అక్కడ దొరికింది పాతదైనా, తర్వాత మార్చేసినదైనా, పారేయకండి. "మీకు గుర్తున్న చివరి పాస్‌వర్డ్ చెప్పండి" అని గూగుల్ అడిగే మాట అందుకే. పాతదైనా ఒకప్పుడు నిజమైనది చెప్తే, ఊహించి కొట్టిన యాభైకంటే అది మేలు. ఆయన పేరూ, పెళ్లి సంవత్సరమూ కలిపి ఇరవై రకాలుగా కొట్టామన్నారు. అందులో మీకు ఎక్కువ నమ్మకమున్న ఒక్కటి ఎంచుకోండి, అదే చెప్పండి. ఈ ఖాతా ఎప్పుడు తెరిచారని ఎక్కడైనా అడిగితే, ఆయన పాస్‌పోర్టు తీసి మస్కట్ వెళ్లిన రోజు ముద్ర చూడండి. దానికి ముందు వారమే కదా మీరు నెట్ సెంటర్‌కి వెళ్లింది. అంత కచ్చితంగా చెప్పగలిగేవాళ్లు అరుదు.

మెయిల్ పేరు మధ్యలో చుక్క ఉందా లేదా అని అర పేజీ మథనపడ్డారు. ఆ టెన్షన్ వద్దు, జీమెయిల్‌కి చుక్క ఉన్నా లేకపోయినా ఒకటే.

కంప్యూటర్ కాకుండా, మీరు ముందు వాడిన ఫోన్లు ఏవైనా ఇంట్లో ఉన్నాయా? ఎక్స్‌ఛేంజ్‌కి పోయినది కాదు, దానికి ముందుది. టీచర్ల ఇళ్లలో ఏదీ పారేయరు, బీరువా సొరుగులోనో కుట్టుమిషన్ డ్రాలోనో ఉంటుంది. అందులో మీ ఖాతా ఇంకా తెరిచి ఉంటే, కంప్యూటర్‌లో మీరు "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కగానే ఆ ఫోన్ తెర మీద "ఇది మీరేనా?" అని అడగొచ్చు. అవును అంటే పని అయిపోయినట్టే. దానిలోంచి కూడా ఖాతా తీసేయకండి, రీసెట్ కొట్టకండి.

వీటిలో ఏదీ కుదరకపోతే, లేదా కోడ్ తప్ప ఇంకేదీ ఒప్పుకోకపోతే, మళ్లీ ఆ రెండు దార్ల దగ్గరికే వస్తాం: ఆయన నంబరు, అబ్బాయి మెయిల్.

నంబరు సంగతి తేల్చేస్తాను. ఆగిపోయిన నంబరుని మన దేశంలో కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదు. ఆ తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఇచ్చారు. కంపెనీ ఆఫీసుకి వెళ్లి ఎంత మొత్తుకున్నా ఇంకొకరి పేరు మీద నడుస్తున్న నంబరు వెనక్కి రాదు. మిగిలింది ఆ కుర్రాణ్ని బతిమాలుకోవడం. "బాబూ, నీకొక కోడ్ వస్తుంది, అది నాకు చదివి చెప్పు" అనాలి. అతని వైపు నుంచి ఆలోచించండి. తెలియని నంబరు నుంచి ఎవరో ఆడమనిషి, చనిపోయిన భర్త కథ చెప్పి, ఓటీపీ అడుగుతోంది. పోలీసులు వద్దన్నదంతా ఆ ఒక్క ఫోన్లో ఉంది. బుద్ధిమంతుడైతే చెప్పడు. చెప్పేవాడైతే, ఈ నంబరుకి ఒక ఖాతా వేలాడుతోందని అతనికి తెలిసిపోతుంది. నాకు ఈ దారి ఇష్టం లేదు. మీకు అతని గొంతు బాగుందనిపించి, వేరే ఏ దారీ మిగలకపోతే, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా అతన్ని స్వయంగా కలిసి అడగడం ఒక్కటే మర్యాద. ఎలా ఉన్నా ఒక పని మాత్రం వెంటనే చేయండి. మీ బ్యాంకులో, గ్యాస్ కనెక్షన్‌లో, ఇంకెక్కడైనా ఆయన నంబరు ఉండిపోతే మీది పెట్టించండి. ఆ మెసేజ్‌లన్నీ ఇప్పుడు ఆ కుర్రాడికి వెళ్తున్నాయి.

అబ్బాయి సంగతి. "నలభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన దాన్ని, వాడి చేత 'అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి' అనిపించుకోవాలా" అని రాశారు. నవ్వొచ్చింది, నిజమే అనిపించింది కూడా. మా అమ్మకి నేను ఆ మాట అన్న సందర్భాలు గుర్తొచ్చి కాస్త సిగ్గుపడ్డాను. కానీ మీరు దాస్తున్నది అందుకు కాదని చివరి పేజీలో మీరే చెప్పారు. ఆ ఉత్తరాల్లో అబ్బాయి ఇంజినీరింగ్‌కి చేసిన అప్పులున్నాయి, ఎవరి దగ్గర ఎంత వడ్డీకో ఉంది, మీ గాజులు తాకట్టు పెట్టిన సంగతి ఉంది. అవి వాడికి తెలియకూడదని మీరిద్దరూ అనుకున్నారు. మెయిల్ తెరవమని వాడికి అప్పగిస్తే వాడు చదువుతాడేమోనని మీ భయం.

ఇక్కడే ఒక ముడి పడింది, విప్పుకుందాం. కోడ్ అబ్బాయి మెయిల్‌కి వస్తుందంటే మీ ఉత్తరాలు అబ్బాయికి కనిపిస్తాయని కాదు. అతనికి వచ్చేది ఆరంకెల కోడ్ ఒక్కటే. లోపల ఏముందో అతనికి ఒక్క అక్షరం కూడా కనపడదు. కాకపోతే పని అతనికి అప్పగించకండి. "అమ్మా, పక్కకి జరుగు, నేను ఇక్కణ్ణుంచి చేసేస్తా" అంటాడు, ఆ వయసు పిల్లలందరూ అనేదే. అలా చేస్తే రెండు రకాలుగా చెడుతుంది. మొదటిది, అమెరికా నుంచి వచ్చిన ప్రయత్నం హైదరాబాద్ కంటే దూరపు గొంతు, గూగుల్ నమ్మదు. రెండోది, నమ్మితే లోపలికి వెళ్లేది అతను. కాబట్టి మేడ మీద కంప్యూటర్ ముందు కూర్చునేది మీరు. "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కేది మీరు. చుక్కల మెయిల్ చూపించగానే పంపమనేది మీరు. అతను వీడియో కాల్‌లో ఆ అంకెలు చదివి చెప్తాడు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు కదా అని అతను అనొచ్చు. అన్నాడంటే మంచి పిల్లాడే. అడిగింది మీరు, మొహం కనిపిస్తోంది, పని మీరు మొదలుపెట్టింది; అందుకే ఇక్కడ పర్లేదని చెప్పండి. కోడ్ ఎక్కువసేపు చెల్లదు కాబట్టి ఇద్దరూ ఒకే సమయానికి కూర్చోవాలి. మన రాత్రి ఎనిమిదంటే డాలస్‌లో పొద్దున్న ఎనిమిదిన్నర, వేసవిలో అయితే తొమ్మిదిన్నర.

ఇందులో ఒక తిరకాసు ఉంది. అది అతను కాలేజీ రోజుల్లో వాడిన మెయిల్ కదా. దాని పాస్‌వర్డ్ అతనికి గుర్తుందో లేదో! లేకపోతే మీకు పాఠం చెప్పడానికి నోరు రాదు, అదొక లాభం. ముందు అతను తన పాత మెయిల్ తెరుచుకోవాలి, తర్వాత మీ వంతు. అది కూడా వాడక ఎప్పుడో పోయి ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టే. అది తెలుసుకోవాలన్నా అతన్ని అడగాలి.

అడగకుండా ఉండే దారి లేదా అంటే ఉంది. కంప్యూటర్, పాత ఫోన్, పాత పాస్‌వర్డ్, వీటితోనే పని జరిగిపోతే అబ్బాయికి చెప్పాల్సిన అవసరమే లేదు. ముందు ఆ మూడూ చూడండి. జరక్కపోతే, చెప్పకుండా నెలకోసారి ప్రయత్నిస్తూ ఉండొచ్చు, మీ పంతొమ్మిది నెలలూ అలా కరుగుతాయి. లేదా అప్పుల సంగతి పక్కనపెట్టి, "నాన్న ఉత్తరాలు చదువుకోవాలి, ఒక కోడ్ చెప్పు" అని అంతే అడగొచ్చు. అది అబద్ధం కాదు. కోడలితో మీకు చనువుంటే ముందు ఆవిడకి చెప్పడం ఇంకో పద్ధతి. కొన్ని ఇళ్లలో అది బాగా పనిచేస్తుంది, కొన్నిటిలో "నాకు చెప్పకుండా తనకి చెప్పావా" అవుతుంది. మీ ఇల్లు మీకు తెలుసు. ఇంకొకటి కూడా ఉంది, మీకు నచ్చకపోవచ్చు: ఆ అప్పులు తీరిపోయి ఏళ్లయింది కదా, ఇప్పుడు వాడికి తెలిస్తే ఏమవుతుందో ఒకసారి ఆలోచించుకోండి. చెప్పమనడం లేదు. దాచాలనుకున్నది ఇద్దరు, ఇప్పుడు నిర్ణయించాల్సింది ఒక్కరు, అది బరువే.

అన్నీ చేశాక కూడా గూగుల్ వెంటనే తలుపు తీయకపోవచ్చు. "ఇప్పుడు అందుబాటులో ఉన్న ఒక మెయిల్ ఇవ్వండి, పరిశీలించి చెప్తాం" అని కొన్ని గంటలో కొన్ని రోజులో ఆగమంటుంది. అప్పుడు మీ కొత్త జీమెయిల్ ఇవ్వండి. ఆగమంటే ఆగండి. మధ్యలో మళ్లీ మళ్లీ కొడితే కథ మొదటికొస్తుంది.

ఆ కొత్త జీమెయిల్ గురించి ఒక మాట. షాపు కుర్రాడు తెరిచాడన్నారు. దాని పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? అతనికి. మీకు తెలుసా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు కాబట్టి తెలియదనే అనుకుంటున్నాను. 2009లో నెట్ సెంటర్‌లో జరిగిందే ఈ ఏడాది షాపులో మళ్లీ జరిగింది. ఇది ఇప్పుడు మీ చేతిలోని ఫోన్లో తెరిచే ఉంది కాబట్టి సరిచేసుకోవడం తేలిక. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్ అని ఉన్న చోట మీ ఖాతాలోకి వెళ్తే సెక్యూరిటీ అని కనిపిస్తుంది. పాస్‌వర్డ్ మార్చండి. పాతది అడిగితే మర్చిపోయానని నొక్కండి, చాలావరకు ఫోన్ లాక్ అడిగి ఒప్పుకుంటుంది. రికవరీ ఫోన్ అన్న చోట ఎవరి నంబరు ఉందో చూసి, మీది కాకపోతే మార్చేయండి.

పాత మెయిల్ తెరుచుకున్న రోజున కూడా ఇవే పనులు, ఆ గంటలోనే. మీ నంబరు పెట్టండి, అబ్బాయి ఇప్పుడు వాడుతున్న మెయిల్ పెట్టండి. బ్యాకప్ కోడ్స్ అని పది ఇస్తుంది, రెండంచెల తనిఖీ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగే పద్ధతి, టూ-స్టెప్ వెరిఫికేషన్ అంటారు) ఆన్ చేసుకుంటే. ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోసారి ఒక్కోటి పనికొస్తుంది. కాగితం మీద రాసి పాస్‌పోర్టులతో పాటు పెట్టుకోండి. పాస్‌వర్డ్ కూడా ఇంట్లో డైరీలో రాసుకోండి. రాయకూడదంటారు చాలామంది, నేను ఒప్పుకోను. మీ ఇంటికి దొంగొస్తే గాజులు తీసుకుపోతాడు, డైరీ తిరగెయ్యడు. ఫోన్ వెనక అట్టలో మాత్రం పెట్టకండి.

ఉత్తరాలన్నీ ఒకేసారి దింపుకునే సదుపాయం గూగుల్‌లో ఉంది, టేక్‌అవుట్ అంటారు. కానీ అది మెయిల్స్‌ని ఒక పెద్ద ఫైలుగా ఇస్తుంది, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే రకం కాదు. జాగ్రత్తకి అదొకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, చదువుకోవడానికి మాత్రం ఒక్కొక్క శుక్రవారం ఉత్తరం ప్రింట్ తీయించుకుంటే నయం. ఏడేళ్లంటే మూడు వందల పైచిలుకు కాగితాలు. ప్రింట్ షాపులో ఇస్తే ఆ మనిషి చదువుతాడని అనుమానమైతే చిన్న ప్రింటర్ కొనుక్కోండి, ఆ ఐదు వేలకి ఇంకొంచెం కలిపితే వచ్చేస్తుంది.

మీ తర్వాత ఈ ఉత్తరాలు ఏం కావాలో కూడా మీరే చెప్పి పెట్టొచ్చు. ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా మీకు నచ్చిన గడువు పెట్టుకోవచ్చు. అంతకాలం మీరు కనిపించకపోతే మీరు చెప్పినవాళ్లకి అందుతుంది, లేదా మీరు చెరిపేయమంటే చెరిగిపోతుంది. గాజుల సంగతి అబ్బాయికి ఎప్పటికైనా తెలియాలా వద్దా అన్నది అక్కడ నింపుకోండి. ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు.

ముందు ఆ పాత ఫోన్ వెతికి, వెనక్కి తిప్పి చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగ్‌కి పెట్టొద్దు, రిపేరు షాపులో బ్యాటరీ ఒక్కటే మార్పించండి, మీరు ఎదురుగా కూర్చుని. చదునుగా ఉంటే మాత్రం ఈ రాత్రికి పెట్టేయండి. ఏళ్ల తరబడి నిద్రపోయిన ఫోన్ తెర మీదకి రావడానికి కాస్త సేపు పడుతుంది.